పూత రాకముందే పీకాలి



చింతపల్లిలో వాన పడిందంటే ఇంటి చుట్టూ పిచ్చి మొక్కలు లేస్తాయి. వాటిలో మొండిది వయ్యారిభామ. ఆకు క్యారెట్ ఆకులా ఉంటుంది. పూలు చిన్నవి, తెల్లనివి. పేరు అందం, పని చెడ్డది. తగిలితే కొందరికి ఒళ్ళంతా దురద. కొందరికి ఆయాసం.

ఇది ఈ కొండల మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల్లో పూనాలో కనబడింది. తర్వాత దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది.

"గడ్డి మందు కొడితే పోదా?" అంటారు కొందరు. మొక్క చస్తుంది. మట్టిలో గింజ చావదు. మళ్ళీ వానకు మొలుస్తుంది. మందు గాలికి ఎగిరి రాజ్మా మీద, చిక్కుడు పాదు మీద పడితే అవీ మాడిపోతాయి.

పారాక్వాట్ అనే గడ్డి మందు మరీ ప్రమాదం. ఒక్క గుక్క మింగినా ప్రాణం పోవచ్చు. దానికి విరుగుడు లేదు. మందును నీళ్ళ సీసాలో పోసి ఇంట్లో పెడితే, పిల్లవాడు నీళ్ళనుకుని తాగడా? గ్లైఫోసేట్ అనే మందు మీద కూడా 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది.

మరి ఏం చేయాలి?

నేల తడిగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేరుతో పీకాలి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడగాలి. ముక్కుకు గుడ్డ కట్టాలి. పూయని మొక్కల్ని గోతిలో వేస్తే ఎరువవుతుంది. పీకిన చోట బంతి, తోటకూర వేయాలి. ఖాళీ నేల దొరికితేనే వయ్యారిభామ చేరుతుంది.

ఒక ఇల్లు పీకి, పక్క ఇల్లు వదిలేస్తే లాభం లేదు. గింజలు మళ్ళీ వస్తాయి. వీధి ఆడవాళ్ళంతా ఒక పూట కలవండి. ఊరు శుభ్రం. పిల్లలు భద్రం.