అక్షరం వెనుక సంఖ్య

పాతబస్తీలోని ఛత్తాబజారు వీథిలో నడచినవారికి అచ్చుసిరా వాసన కొత్త కాదు. పెండ్లిపత్రికలు అచ్చువేసే దుకాణాలు అక్కడ బారులు తీరి ఉంటాయి. కొంతకాలం క్రిందట అక్కడి ఒక అచ్చుకూటం యజమాని నాకొక పాత ఫైలు చూపించారు. ఆయన తండ్రిగారు చివరి రోజులలో చెప్పి వ్రాయించిన కుటుంబవృత్తాంతం అది. కాగితపు ప్రతి 2020 అక్టోబరు వరదలో పాడైపోయినది. ఫైలు మిగిలినది గాని, తెరపై తెలుగుకు మారుగా ఏవేవో పరదేశపు గుర్తులు కనిపించినవి.

"మా నాయిన మాటలన్నీ దీన్లనే ఉన్నయి సారూ, చదువుదమంటే వస్తలేదు" అన్నారాయన.

ఆ మాటలు ఎక్కడికీ పోలేదు. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఏ సంఖ్య ఏ అక్షరమో నిర్ణయించే పట్టికకే సంకేతపద్ధతి అని పేరు. వ్రాసినప్పుడు వాడిన పట్టిక ఒకటి, చదివేటప్పుడు వాడినది మరొకటి అయితే అర్థం చెడిపోతుంది.

మన భాషలకు అటువంటి పట్టికలు రెండు ఒకే సంవత్సరంలో, 1991లో, సిద్ధమైనవి. ఒకటి భారతీయ ప్రమాణమైన ఇస్కీ. రెండవది ప్రపంచభాషలన్నిటికీ ఉద్దేశించిన యూనికోడు. మన 'క' అక్షరం ఇస్కీలో 179, యూనికోడులో 3093. బైటు అనే చిన్న అరలో 255కు మించిన సంఖ్య పట్టదు. కనుక యూనికోడు సంఖ్యలను బైట్లుగా విడగొట్టే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు రూపొందించారు. ఆ పద్ధతిలో మన 'క' 224, 176, 149 అనే మూడు బైట్లవుతుంది. ఆ మూడింటినీ పడమటి దేశాల పాత పట్టికతో చదివితే, నెత్తిన గీత గల ఫ్రెంచి 'ఎ', వేడిని కొలిచే డిగ్రీ గుర్తు, ఒక నల్లని చుక్క కనిపిస్తాయి.

చార్మినారుపై ఒక లెక్క వేసి చూడండి. 'చార్మినార్' అని పొల్లుతో వ్రాస్తే కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలే. కాని గుణింతపు గుర్తులు, పొల్లులు విడివిడిగా లెక్కించగా యూనికోడులో పది సంకేతాలు. యూటీఎఫ్-8లో అవి ముప్పది బైట్లు. అదే పేరు ఉర్దూలో ఎనిమిది అక్షరాలు, పదునారు బైట్లు. ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, తొమ్మిదే బైట్లు. కట్టడం ఒక్కటే, అది ఆక్రమించే చోటు మాత్రం మూడు విధాలు.

చిక్కు వచ్చినది ఇక్కడనే. యజమానిగారి కుమారుడు 'సీ' భాష నేర్చినవాడు. ఆ భాషలో పదం పొడవు చెప్పే సాధనం అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తుంది. సున్న బైటు వచ్చిన చోట ఆగుతుంది. ఫైలులోని సంఖ్యలు దాదాపు అన్నీ 160కి పైబడి ఉండడం చూచి, ఇది ఇస్కీ కావచ్చునని ఊహించాడు. ఊహ సరియైనది. పట్టిక వ్రాసి మార్చాడు. కాని ఎంత చోటులో పాత పాఠం ఉన్నదో, కొత్తదానికీ అంతే చోటు కేటాయించాడు. ఇస్కీలో ఒక బైటైన గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లాయెను. తాతగారి కథ మూడవవంతుకు కొంచెం మించి వచ్చి, ఒక అక్షరం నడుమనే తెగిపోయినది. అదృష్టవశాత్తు మూల ఫైలును అతడు చెరపలేదు. చోటును మూడింతలు చేసి, చివరి సున్నకు మరొక బైటు కలుపగానే కథ పూర్తిగా వచ్చినది.

ఈ పనికే యూనిక్సు సంప్రదాయపు యంత్రాలలో 'ఐకాన్వ్' అనే సాధనం కలదు. ఇస్కీ అన్ని యంత్రాలలోనూ ఉండదు గాని, ఇతర పట్టికలు అనేకం ఉంటాయి. దానికి చేరవలసిన పద్ధతిని ముందు, బయలుదేరిన పద్ధతిని తరువాత చెప్పవలె. తారుమారు చేయడం కొత్తవారికి పరిపాటి. అది మూడు విధాలుగా హెచ్చరిస్తుంది: చోటు చాలలేదని, బైట్ల వరుస చెల్లదని, చివరి అక్షరం అసంపూర్ణమని. చోటు చాలనప్పుడు ఎంతవరకు మార్చినదో కూడా చూపుతుంది, అక్కడినుండి కొనసాగించవచ్చు. ఆ హెచ్చరికలను వినకపోవడమే అసలు దోషం. చివరి సున్నను మాత్రం అది తానై చేర్చదు; మనమే చేర్చవలె.

ఒక మాట జ్ఞాపకం ఉంచుకోవలె. తెలుగు పుస్తకాలు కూర్చిన పాత లిపులు కొన్ని అసలు అక్షరపట్టికలే కావు. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అనే ముక్కలకు సంఖ్యలిచ్చినవి అవి. వాటిని మార్చడానికి ముక్కలను ఏరి, వరుస సరిదిద్ది, అక్షరాలుగా కూర్చే ప్రత్యేక పట్టిక కావలె.

మీ ఇంటిలోనూ పాత ఫైళ్లు ఉండవచ్చు. గుర్తులు చెదిరినవని చెరిపివేయకండి. ముందు నకలు తీయండి. ఏ యంత్రంలో, ఏ లిపితో వ్రాసినదో తెలిసినవారు ఇంటిలో ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోండి. పట్టిక తెలిస్తే పాఠం దొరుకుతుంది. ఛత్తాబజారులోని ఆ ఇంటివారు ఇప్పుడు తండ్రిగారి మాటలను మళ్లీ అచ్చువేసుకొన్నారు. ఈసారి ఫైలు మొదటి పంక్తిలోనే అది ఏ సంకేతపద్ధతిలో ఉన్నదో కూడా వ్రాసి ఉంచారు.