జూలై నాలుగవ తేది
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గోడకు వ్రేలాడు క్యాలెండరులో తేదికొక గడి యుండును. తిథి, నక్షత్రము, వర్జ్యము చూచుకొని లోకులు ఆ గడిని దాటిపోవుచుందురు. చరిత్ర గ్రంథములను ముందిడుకొని ఒక్క గడినే పట్టి వెదకినచో, ఎన్నడును ఒకరినొకరు చూచి యెరుగనివారు అందు ప్రక్కప్రక్కన కూర్చుండి కనబడుదురు. జూలై 4 అట్టి గడి.

ఇట్టి కలయికలను గ్రహబలమనువారు కలరు. సంవత్సరమునకు దినములు 365. లోకములో జరిగిన సంగతులు లక్షోపలక్షలు. ఏ దినమునందైనను కొన్ని వచ్చి చేరక మానవు. కావున గ్రహములను వాని త్రోవను పోనిచ్చి, ఒక తేదికి పేరెట్లు వచ్చినదో చూచుట మేలు.

అమెరికా వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియా నగరమున కూడి, ఇంగ్లండు రాజుతో సంబంధము త్రెంచుకొన నిశ్చయించినది 1776 జూలై 2వ తేదిన. అందు ప్రముఖుడైన జాన్ ఆడమ్స్ మరునాడు భార్యకు జాబు వ్రాయుచు, రాబోవు తరములవారు ఆ 2వ తేదినే పండుగ చేసికొందురని సంబరపడెను. 4వ తేదిన జరిగినది కాగితము పని: ప్రకటన పాఠమును సరిచూచి ఆమోదించిరి. సంతకములలో పెక్కులు ఆగస్టు 2న గాని పడలేదు. అయినను అచ్చుప్రతి నెత్తిన 4వ తేది యుండుటచే, ఆ తేదియే జాతీయ దినమై నిలిచినది. దస్తావేజు మీద పడిన తేదికి ఎంత బలమో గ్రామములలో పొలము తగాదాలు చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ ప్రకటనను రచించిన తామస్ జెఫర్సనుకు అప్పటికి 33 ఏండ్లు. ఆయనకు ఏనాటి ఖర్చు ఆనాడే చిట్టా వ్రాయు అలవాటు. ఆ చిట్టా నేటికిని నిలిచియున్నది. 1776 జూలై 4వ తేది పద్దులు ఇట్లున్నవి: ఉష్ణమాపక యంత్రము ఒకటి, 3 పౌనుల 15 షిల్లింగులు, స్త్రీల చేతితొడుగులు ఏడు జతలు, 27 షిల్లింగులు, ధర్మము, 1 షిల్లింగు 6 పెన్నీలు. మధ్యాహ్నము ఒంటిగంటకు వేడిమి 76 డిగ్రీలని కూడ వ్రాసికొనెను. రాజ్యమునకు జన్మపత్రిక వ్రాసిన చేయియే ఆనాడు చేతితొడుగుల పద్దు వ్రాసినది!

అయితే ఆయన లెక్కలో ఒక పెద్ద లోపము కలదు. పద్దు వ్రాయుటలో చూపిన శ్రద్ధ నిలవ తేల్చుటలో చూపలేదు. మరణించునాటికి అప్పు లక్ష డాలర్లు దాటినది. మనుష్యులెల్లరు సమానులుగ సృష్టింపబడిరని వ్రాసిన ఆ మహాశయుడు తన జీవితకాలమున ఆరు వందలకు పైగా బానిసలకు యజమాని. ఆయన గతించిన ఆరు మాసములకు, 1827 జనవరిలో, అప్పులు తీర్చుటకై 130 మంది బానిసలను వేలము వేసిరి. గొప్పవాని గొప్పతనమును చెప్పునపుడు ఈ పద్దును కొట్టివేయుట న్యాయము కాదు.

గ్రంథాలయ సభలో ఆయనను గూర్చి మరియొకమాట చెప్పవలసియున్నది. 1814లో ఇంగ్లీషు సేనలు వాషింగ్టను నగరమును తగులబెట్టగా శాసనసభవారి పుస్తకములు భస్మమయ్యెను. జెఫర్సను తాను జీవితమంతయు కూర్చిన 6,487 సంపుటములను 1815లో 23,950 డాలర్లకు ఆ సభకిచ్చెను. పరభాషలలోని పుస్తకములు, తత్త్వశాస్త్రములు శాసనసభ్యులకేల యని కొందరాక్షేపించిరి. శాసనసభ్యునికి అక్కరకు రాని విద్య ఏదియు లేదని ఆయన సమాధానము. వచ్చిన ధనములో అధికభాగము అప్పులవారికే పోయినది. 1851లో మరల నిప్పంటుకొని ఆ పుస్తకములలో మూడింట రెండు వంతులు కాలిపోయినవి. అయినను ఆ గ్రంథాలయము నేడు ప్రపంచములోని మిక్కిలి పెద్ద గ్రంథాలయములలో ఒకటి.

ఆడమ్స్, జెఫర్సనులు మొదట మిత్రులు. 1800 సంవత్సరపు ఎన్నికలో ఎదురుబొదురై, మాటలు మానిరి. ఇరువురికిని మిత్రుడైన వైద్యుడొకడు ఎంతయో పాటుపడగా, 1812లో ఆడమ్స్ మొదటి జాబు వ్రాసెను. నాటినుండి పదునాలుగేండ్లు ఉత్తరములు నడచినవి. మతము, గ్రీకు గ్రంథములు, ముసలితనము — ఇవి వారి ప్రస్తావనలు. 1826 జూలై 4, అనగా ప్రకటనకు సరిగా ఏబదియేండ్లు నిండిన దినమున, మధ్యాహ్నము జెఫర్సను వర్జీనియాలో కన్నుమూసెను. ఆయనకు 83 ఏండ్లు. ఆ సాయంకాలము మసచూసెట్సులో 90 ఏండ్ల ఆడమ్స్ గతించెను. జెఫర్సనింకను బ్రతికియున్నాడని ఆడమ్స్ తన కడపటి మాటలలో అనెనని చెప్పుదురు. తంతి వార్తలు లేని కాలము; కొన్ని గంటల ముందే మిత్రుడు పోయిన సంగతి ఆయనకు తెలియు దారి లేదు. అయిదేండ్లకు అదే తేదిన జేమ్స్ మన్రో అను మరియొక పూర్వాధ్యక్షుడును పోయెను.

ఈ తేదిని భారతదేశమునకు తెచ్చి ఆదరించినవారిలో వివేకానందస్వామి ఒకరు. 1898 జూలై 4న ఆయన కాశ్మీరములో పడవయింటియందు, అమెరికా దేశపు శిష్యులతో కలసి ఆ పండుగ జరిపి, దానిపై ఆంగ్లములో ఒక కవితను వ్రాసెను. నాలుగేండ్లకు, శుభకృత్ సంవత్సరమున, 1902 జూలై 4న బేలూరు మఠములో దేహము చాలించెను. అప్పటికాయన వయస్సు 39 సంవత్సరములే.

ఆయన ఆ పండుగ జరుపుటకు సరిగా ఒక యేడు ముందు, హేవళంబి సంవత్సరమున, 1897 జూలై 4న, విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో సూర్యనారాయణమ్మగారికి ఒక కుమారుడు పుట్టెను. అతడే అల్లూరి సీతారామరాజు. అడవి చట్టములు మన్యమువారి పోడు వ్యవసాయమునకు అడ్డువచ్చినవి. రోడ్డు పనులలో కూలి సరిగా దక్కలేదు. మొరపెట్టిన వినువారు లేరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదులలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి రాజు తుపాకులు తీసికొనెను. తీసికొన్న ఆయుధముల వివరమును ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసెనని చెప్పుదురు. ఎదిరించినవాడు రసీదు వ్రాసియిచ్చుట లోకములో అరుదు! 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను కాల్చి చంపిరి. 27వ యేడు నిండలేదు. 2022 జూలై 4న, 125వ జయంతినాడు, భీమవరములో ఆయనకు 30 అడుగుల కంచు విగ్రహమును ఆవిష్కరించిరి.

వ్యయ సంవత్సరమున, 1946 జూలై 4న రెండుచోట్ల రెండు సంగతులు జరిగినవి. మనీలా నగరమున అమెరికా జెండా దిగి ఫిలిప్పైన్సు జెండా ఎగిరినది. తమ పండుగనాడే స్వాతంత్ర్యమిచ్చుట అమెరికావారికి ముచ్చట. ఫిలిప్పైన్సువారికి మాత్రము అది తమ దినముగా తోచలేదు. 1962లో తమ పండుగను జూన్ 12కు మార్చుకొనిరి.

అదే దినమున నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో జెండాలు, బాకాలు లేవు. విసునూరు దేశముఖు మనుష్యుల దౌర్జన్యమునకు విసిగిన జనము సంఘముగా కూడి ఊరేగింపు తీసిరి. దేశముఖు పక్షమువారు తుపాకులు పేల్చిరి. ముందు నడచుచున్న దొడ్డి కొమరయ్య అను కురుమ యువకుడు నేలకొరిగెను. ఆయన అన్న మల్లయ్యకు గాయములు తగిలెను. ఆ తుపాకి చప్పుడుతో ఊరూర వెట్టిచాకిరికి ఎదురుతిరుగుట మొదలై, తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటమై, 1951 అక్టోబరు వరకు నడచినది. ఫిలడెల్ఫియావారు సమానత్వమును కాగితముపై వ్రాసిరి. కడవెండివారు చదువు లేకయే దానిని అడిగిరి. ఈ రెంటిలో ఏది కష్టమైనదో సభ్యులే నిర్ణయింపగలరు.

మేరీ క్యూరీ 1934లోను, మరికొందరు వేర్వేరు సంవత్సరములలోను ఈ తేదినే గతించిరి. వారినందరిని చెప్పుటకు వేళ చాలదు. కాని తెలుగువాడొకని విడిచిపెట్టరాదు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారి జన్మదినము 1876 ఆగస్టు 2. ఫిలడెల్ఫియాలో సంతకములు పడిన దినమునకు సరిగా నూరేండ్లు. ప్రత్తి సేద్యముపై పరిశోధన చేసి పత్తి వెంకయ్య యనియు, జపాను భాష నేర్చి జపాను వెంకయ్య యనియు పేరుపొందెను. దేశమునకొక పతాకమెట్లుండవలెనో 1916లోనే పుస్తకము వ్రాసి ముప్పది నమూనాలు చూపెను. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగినపుడు గాంధీజీకి పతాకమును సమర్పించెను. కొన్ని మార్పులతో ఆ వరుసలోనిదే 1947 జూలై 22న రాజ్యాంగసభ అంగీకరించిన త్రివర్ణపతాకము.

అంతటివాడు కడపటి దినములలో లేమితో గడపెను. తన శవముపై త్రివర్ణపతాకమును కప్పి, పిదప దానిని రావిచెట్టుకు కట్టవలెనని కోరెనని చెప్పుదురు. 1963 జూలై 4న బెజవాడలో మరణించెను. ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వెలువడినది 2009లో, నలుబదియారు సంవత్సరముల తరువాత.