కోడి రెట్టలో డీఎన్ఏ: నట్టలా, రక్తపారుడా?

ఈరోజు టాపిక్ కోడి రెట్ట. అన్నం తింటూ చూసేవాళ్లు పాజ్ కొట్టి తర్వాత రండి.

మాది వనపర్తి. నాయనమ్మ వాళ్ల ఊరు గద్వాల దగ్గర. పోయిన వానాకాలం ఆమె గంప కింద పన్నెండు కోడిపిల్లలుండె. రెక్కలు వేలాడేసి మూలకు ముడుచుకున్నయ్, రెట్టలో నెత్తురు. రెండు రోజుల్లో ఐదు పోయినయ్. మందుల షాపులో అడిగితే నట్టల మందు ఇచ్చిన్రు. తాపినం. ఇంకో నాలుగు పోయినయ్.

అప్పుడు రెట్ట పట్టుకొని పశువుల డాక్టర్ దగ్గరికి పోయినం. మైక్రోస్కోప్‌లో చూసి, "ఇది నట్ట కాదమ్మా, రక్తపారుడు" అన్నడు. కారణం ఐమీరియా అనే ఒకే కణం ఉన్న జీవి. నట్టల మందు దాన్ని ఏమీ చేయలేదు. నీళ్లల్ల ఆంప్రోలియం కలిపి తాపితే మిగిలిన మూడు బతికినయ్.

మరి మైక్రోస్కోప్ సరిపోయింది కదా, డీఎన్ఏ ఎందుకు? అసలు కథ ఇక్కడే ఉంది. కోళ్లలో ఐమీరియా ఏడు రకాలని పుస్తకాల్లో చదువుకుంటూ వచ్చాం. టెనెల్లా రకం నెత్తురు పారిస్తుంది. కొన్ని రకాలైతే చప్పుడు చేయకుండా ఎదుగుదల ఆపేస్తాయి. వాటి గుడ్ల లాంటి గుండ్రని తిత్తులు సైజులో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, కంటితో తేల్చడం కష్టం. ఒక రకానికి వచ్చిన రోగనిరోధక శక్తి ఇంకో రకాన్ని ఆపదు. అంటే టీకాలో ఏ రకాలు ఉండాలో తెలియాలంటే పేరు పక్కాగా తెలియాలి.

అందుకే పీసీఆర్. కరోనా టైంలో ముక్కులో పుల్ల పెట్టిన టెస్టే. రెట్టలోంచి తిత్తులు వేరు చేసి, పెంకు పగలగొట్టి, డీఎన్ఏ తీస్తారు. ఒక్కో రకానికి తేడాగా ఉండే ముక్కను కాపీ చేస్తారు. ప్రతి రౌండ్‌కి డబుల్. 30 రౌండ్లకు ఒక్క ముక్క లెక్క ప్రకారం 107 కోట్లు దాటుతుంది! ఇలా డీఎన్ఏతోనే మొదట ఆస్ట్రేలియా కోళ్లలో ఇంకో మూడు రకాలు బయటపడ్డాయి. 2021లో వాటికి లాటా, నగాంబీ, జారియా అని పేర్లు పెట్టారు. ఇన్నేళ్లూ మైక్రోస్కోప్ కింద కనబడుతూనే ఉండి ఉంటాయి, ఎవరూ గుర్తుపట్టలేదు.

నాగర్‌కర్నూల్ తమ్ముడు ఒకరు మెసేజ్ పెట్టిండు: "అన్నా, కోళ్లకు రక్తపారుడు వచ్చింది, పక్క పంజరంలో లవ్ బర్డ్స్ ఉన్నయ్, అంటుకుంటదా?" కోడి ఐమీరియా చిలుకలకు రాదు తమ్మీ. కానీ టర్కీ కోళ్లుంటే వేరే సంగతి. హెటరాకిస్ అనే నట్ట కోడిలో పెద్దగా ఇబ్బంది పెట్టకుండా ఉంటది, దాని గుడ్డులో దాక్కున్న ఇంకో క్రిమి టర్కీ ప్రాణం తీస్తది. ఆ గుడ్డు, మామూలు ఏలికపాము గుడ్డు మైక్రోస్కోప్‌లో దాదాపు ఒక్క తీరే కనబడతయ్. అక్కడ కూడా డీఎన్ఏనే తేలుస్తది.

పీసీఆర్ మిషన్ మన ఊరి పశువుల దవాఖానలో ఉండదు, నిజమే. శాంపిల్ ల్యాబ్‌కు పంపాల్సి వస్తే ఫార్మాలిన్‌లో వేయొద్దు, డీఎన్ఏ పాడైతది. తాజా రెట్ట, శుభ్రమైన డబ్బా, చల్లగా. ఇక తమ్మీ, రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఫోన్‌లో ఫోటో కాదు, రెట్ట తీసుకపో. నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన పొట్టు ఈ రాత్రే తీసెయ్, ఆ తిత్తులు తడిలో ఒకట్రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తయ్.