పరాయి నేల మీద స్టీరింగు పట్టే ముందు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, వరకట్నం గురించి ఈ సభలో ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని డ్రైవింగు లైసెన్సు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పంతుళ్లకు స్టీరింగుతో ఏం పని అని కొందరు నవ్వవచ్చు. పని ఉంది. హైదరాబాదు పాతబస్తీ అనండి, నిజామాబాదు అనండి, కడప, రాయచోటి అనండి, గల్ఫ్ దేశాల్లో బండి నడిపే కొడుకో అల్లుడో ఉన్న ఇళ్లు ఎన్నో. వీసా కోసం అప్పు చేస్తాము, ఆడవాళ్ల బంగారం తాకట్టు పెడతాము. లైసెన్సు మాట వస్తే మాత్రం "అక్కడికి పోయినాక చూసుకుందాం లే" అంటాము. చాలా ఇళ్ల కష్టాలు ఆ ఒక్క మాటతోనే మొదలవుతున్నాయి.

మొదటి సంగతి. ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లుతుందనే భ్రమ వదులుకోవాలి. మన రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ పర్మిటు ఇస్తారు. దాని గడువు ఒక్క ఏడాది. అది చుట్టపుచూపుగా వెళ్లేవారి కోసం ఉన్న కాగితం. ఇఖామా తీసుకొని ఉద్యోగంలో స్థిరపడేవాడికి ఆ దేశపు లైసెన్సే కావాలి. అలాగని ఇక్కడి లైసెన్సును చావనివ్వకూడదు. పాత అనుభవం చూపించడానికి అది పనికివస్తుంది. గడువు తీరి ఏడాది దాటితే, 2019 సవరణ చట్టం ప్రకారం ఇక్కడ కూడా మళ్లీ పరీక్షకు నిలబడవలసిందే.

అక్కడి పరీక్ష తేలిక కాదు. కంటి పరీక్ష ఉంటుంది. సూచనల మీద ప్రశ్నలు ఉంటాయి. బండిని వెనక్కు తీసి గీతల మధ్య నిలపాలి. ఆ తరువాత పరీక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని రోడ్డు మీద నడపాలి. దుబాయిలో రెండుమూడు సార్లు తప్పడం వింత కాదు. తప్పిన ప్రతిసారీ రుసుము మళ్లీ కట్టాలి, పాఠాలు మళ్లీ చెప్పించుకోవాలి. ఆ ఖర్చు యజమాని భరిస్తాడా, జీతంలో కోస్తాడా అన్నది ఒప్పందం మీద సంతకం చేసేముందే అడిగి తేల్చుకోవాలి.

మన పిల్లలు తప్పడానికి ముఖ్యకారణం చేతి అలవాటు. మనం రోడ్డుకు ఎడమవైపున పోతాము, అక్కడ కుడివైపు. స్టీరింగు ఎడమపక్క, గేరు కుడిచేతికి. దువ్వార్ అనే గుండ్రటి కూడలిలో బండ్లు గడియారపు ముల్లుకు ఎదురు తిరుగుతాయి. లోపల తిరుగుతున్నవాడిదే ముందు హక్కు, బయటినుంచి వచ్చేవాడు ఆగాలి. ఇరవై ఏళ్లు ఆటో నడిపిన చెయ్యి కూడా కొత్త రోడ్డు మీద పాత దారినే వెతుక్కుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాడు కూడా అక్కడ విద్యార్థి అనుకొనే మొదలుపెట్టాలి.

ఇక భాష విషయం. ఉర్దూ చదువు గల్ఫ్‌లో అక్కరకు వస్తుంది. దుబాయి వంటి చోట్ల ప్రశ్నల పరీక్ష ఉర్దూలో కూడా రాయవచ్చు. అయితే లిపి తెలిసినంత మాత్రాన అరబ్బీ వచ్చినట్టు కాదు. అడ్డరోడ్డు దగ్గర ఎర్ర పలక మీద ఖాఫ్, ఫే అని రెండు అక్షరాలు కనిపిస్తాయి. అది 'ఖిఫ్', అంటే 'ఆగు'. మనకు బాగా తెలిసిన వక్ఫ్ అనే మాట కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. 'మమ్నూఅ్' అంటే నిషిద్ధం, ఇది ఉర్దూలోనూ ఉంది. ఉర్దూలో 'రుఖ్సత్' అంటే సెలవు, పెళ్లిలో అయితే 'రుఖ్సతీ' అంటే ఆడపిల్ల అప్పగింత. అక్కడ లైసెన్సు పేరే 'రుఖ్సా', అంటే అనుమతి. 'ముఖాలఫత్' మనకు వ్యతిరేకత, అక్కడ 'ముఖాలఫా' అంటే జుర్మానా. అంకెల్లో కూడా నాలుగు, ఆరు వంటివి మన ఉర్దూ అంకెల్లా ఉండవు. వేగం పలక దగ్గర ఆ తేడా తెలియకపోతే జేబుకు చిల్లు.

ఆ జుర్మానాల సంగతి కూడా వినండి. సౌదీలో 2010 నుంచి 'సాహిర్' కెమెరాలు పనిచేస్తున్నాయి. యు.ఏ.ఇ.లో ఎర్రదీపం దాటితే 1000 దిర్హాములు, 12 నల్ల పాయింట్లు, పైగా బండి 30 రోజులు జప్తు. పాయింట్లు 24కు చేరితే లైసెన్సే ఆగిపోతుంది. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త చట్టం వచ్చింది. నడుపుతూ ఫోను పట్టుకుంటే 75 దీనారులు, ఎర్రదీపం దాటితే 150 దీనారులు. ఇంటి డ్రైవరు నెల జీతంతో పోల్చి చూసుకోండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. బండి కింద మనిషి పోతే దియా కట్టాలి. యు.ఏ.ఇ.లో అది 2 లక్షల దిర్హాములు. సౌదీలో ప్రమాదవశాత్తు ముస్లిం పురుషుడు చనిపోతే కట్టవలసిన మొత్తాన్ని 2011లో 3 లక్షల రియాళ్లకు పెంచారు. లైసెన్సు సక్రమంగా ఉంటే బీమా కంపెనీ కడుతుంది. లైసెన్సు లేకుండా నడిపినవాడి దగ్గర ఆ సొమ్మును తిరిగి రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. అప్పుడు ఆ పిల్లవాడు జైల్లో, తల్లి ఇక్కడ దాతల ఇళ్ల గడపల ముందు. "దగ్గరే కదా, దుకాణం దాకా పోయి రా" అని కఫీల్ తాళంచెవి చేతికిస్తే, లైసెన్సు లేనివాడు వినయంగానే కాదనాలి. మొహమాటానికి పోయి తల మీదికి తెచ్చుకోరాదు.

వీసా మీద ఏ వృత్తి రాశారో కూడా చదివించుకోవాలి. 'సాయిఖ్ ఖాస్' అంటే సొంత డ్రైవరు, 'ఆమిల్' అంటే కూలీ. కూలీ ఇఖామా మీద డ్రైవరు పని చేయడం అక్కడ నేరం. కువైట్‌లో విదేశీయుడి లైసెన్సును అతని వృత్తితో ముడిపెడతారు. ఇంటి డ్రైవరుగా పొందిన లైసెన్సు వృత్తి మారితే నిలవదు. సౌదీలో ఇంటి డ్రైవరు సాధారణ కార్మిక చట్టం కిందికి రాడు, ఇంటి పనివారి నిబంధనల కిందికి వస్తాడు. పైగా 2018 జూన్ 24 నుంచి అక్కడ స్త్రీలు కూడా బండి నడుపుతున్నారు. ఇంట్లో నడిపేవాళ్లు పెరిగేకొద్దీ ఇంటి డ్రైవరు అవసరం తగ్గడం సహజం. కుర్రవాళ్లు ఆ ఒక్క పనినే నమ్ముకోకుండా పెద్ద బండ్ల పని, మరమ్మతు పని కూడా నేర్చుకుంటే మంచిది.

పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. కోవలోకి వస్తుంది. అతడు గల్ఫ్‌కు ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి అడ్డంకి కాదు, రక్షణ. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. రిజిస్టరైన ఏజెంటు సేవారుసుముగా 30 వేలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పొమ్మనేవాడు ఈ రక్షణలన్నీ ఊడదీసి పంపుతున్నాడని అర్థం.

చివరగా సంఘానికి ఒక మనవి. ఏడాదికి రెండుసార్లు, నాలుగేసి సాయంత్రాలు ఇషా నమాజు తరువాత ఒక తరగతి పెడదాము. రోడ్డు పలకలు, అరబ్బీ అంకెలు, కుడివైపు నడక మేము చెప్తాము. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన డ్రైవర్లు తమ అనుభవం చెప్తారు. ఒప్పంద పత్రం చదివిపెట్టడానికి ఇద్దరు సభ్యులు ముందుకు వస్తే చాలు. ఒక్క రూపాయి చందా అక్కరలేదు. జైల్లో పడ్డాక లక్షలు పోగుచేసేకన్నా, పోకముందు నాలుగు సాయంత్రాలు ఖర్చుపెట్టడం మేలు కదా.

బండిలో కూర్చున్నవారి ప్రాణం, దారిన పోయేవారి ప్రాణం డ్రైవరు చేతిలో అమానత్. ఆ అమానత్‌ను అర్హతతో మోసే శక్తిని అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక, వాళ్లను క్షేమంగా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.