నేస్తానికి పసుపు వేడుక

ప్రాణస్నేహితురాలికి పెళ్లి కుదిరింది, ఆమె కోసం ఇంట్లోనే ఓ వేడుక చేయాలనుందా? నన్నడిగితే పసుపు రంగునే ఎంచుకోండి. మన పల్నాడు ఇళ్లలో పెళ్లిపనులకు పసుపు దంచడమే నాంది. రోలుకీ రోకలికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, ముత్తయిదువలు తలా ఒక పోటు వేస్తారు. పసుపుకొమ్ములకు పేరుపడ్డ దుగ్గిరాల మనకు దూరమేమీ కాదు.

గోరింటాకు మాత్రం రెండు రోజుల ముందే పెట్టండి. రాల్చిన పూట నారింజ రంగులో ఉన్న చేయి మర్నాటికి ఎర్రబారుతుంది. కాసేపు నీళ్లు తగలనివ్వకండి.

గోడకు అమ్మ పాత పసుపు చీర, దానిమీద బంతిపూల దండలు. నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా అంతకంటే అందమైన అలంకరణ నాకు తోచదు. నలుగుకి సెనగపిండి, పసుపు, నువ్వులనూనె. బట్టలకు పసుపంటితే కంగారుపడకండి. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. ఉతికి ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది.

తినడానికి పులిహోర, బూందీ లడ్డు. ఇంకొక్కటి, ఇది నా మనసులో మాట: వీధిలోని అమ్మమ్మల్ని పిలిచి పెళ్లిపాటలు పాడించండి, ఫోనులో రికార్డు చేయండి. అత్తారింట్లో ఆమె వాటిని మళ్లీ మళ్లీ వింటుంది.