లోహమునకు ధ్వనిపరీక్ష – ఆలయమునకు రక్షణ
(ప్రసంగ పాఠము)



కోటవురట్లలో ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠల శుభసమయంలో లోహపరీక్షను గురించిన ప్రసంగమేమిటని మీకు తోచవచ్చును. నేటి ఆలయాలలో శిలతోపాటు ఇనుమునకూ చోటున్నది. అన్నదాన మండపపు దూలాలు, రేకుల పందిరి స్తంభాలు, నీటి ట్యాంకు, రథపు ఇరుసు – వీటిని నమ్మి వందలాది భక్తులు నిలుస్తారు. ఆ నమ్మకానికి తగిన పరీక్ష ఉండవలెను కదా!

ధ్వనితో పరీక్షించుట మనకు క్రొత్త కాదు. కుండను వ్రేలితో తట్టి, అది పలికిన తీరును విని కొనుట మన పెద్దల అలవాటు. విగ్రహానికి శిలను ఎన్నుకొనునప్పుడు దాని నాదమును పరీక్షించవలెనని శిల్పశాస్త్రాలు చెప్పినవి. నేటి యంత్రం చేసేదీ ఆ పనియే. అయితే ఆ ధ్వని మన చెవికి అందదు. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. లోహపరీక్షలో సాధారణంగా 10 లక్షల నుండి 1 కోటి కంపనాల అతిధ్వనిని వాడుతారు. కర్మాగారాలలో దీనిని అల్ట్రాసోనిక్ టెస్టింగ్ అంటారు. అమెరికాలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ రూపొందించిన ప్రతిధ్వని పరికరానికి 1942లో పేటెంటు లభించినది.

లోహంపై కొద్దిగా నూనె పూసి, ప్రోబ్ అనే చిన్న సాధనాన్ని ఆనించి ధ్వనిని పంపుతారు. నడుమ గాలి ఉన్నచో ధ్వని లోనికి పోదు, అందుకే నూనె. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు ప్రయాణిస్తుంది. 10 మిల్లీమీటర్ల రేకులో అవతలి అంచును తాకి తిరిగివచ్చుటకు సెకనులో పదిలక్షవ వంతులు సుమారు 3.4 పడుతుంది. తుప్పు తిని 5 మిల్లీమీటర్లే మిగిలినచో అందులో సగం కాలమే చాలును. ఆ విధంగా ట్యాంకును ఖాళీ చేయకుండా, రేకును కోయకుండా మిగిలిన మందం తెలుస్తుంది. రంగుపూతను తీయకుండానే దాని మందాన్ని మినహాయించి లెక్కించే పరికరాలు కూడ ఉన్నవి.

వెల్డింగు అతుకులో ధ్వనిని 45, 60, 70 డిగ్రీల వంటి కోణాలలో ఏటవాలుగా పంపుతారు. లోపల పగులున్నా, లోహం సరిగా కలియకున్నా అక్కడినుండియే ప్రతిధ్వని వస్తుంది. పైకి నున్నగా కనబడే అతుకు లోపల బోలుగా ఉండవచ్చును. విశాఖపట్నంలో 1966లో ఏర్పడి, 2013లో భెల్‌లో విలీనమైన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ వంటి కర్మాగారాలలో పీడనపాత్రల అతుకులకు ఇటువంటి పరీక్షలు నిత్యకృత్యం.

తుప్పును ఉపేక్షించుట ఎంతటి అనర్థమో తెలుగునేల చూచినది. 2014 జూన్ 27 వేకువన కోనసీమలోని నగరం గ్రామంలో, తుప్పుపట్టిన గొట్టంనుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరవైమందికి పైగా మరణించారు. భూగర్భ గొట్టాల పరీక్షావిధానాలు వేరు కావచ్చును. పాఠం మాత్రం ఒక్కటే. తుప్పు చప్పుడు చేయదు. మనమే దానిని పలికించవలెను.

ఈ విధానానికి పరిమితులు లేకపోలేదు. మందాన్ని కొలిచే పరికరం కాంక్రీటులోని ఇనుప చువ్వల తుప్పును తెలుపజాలదు. పోత ఇనుములో ధ్వని చెదరిపోతుంది. తెరపై కనబడే గీతను చదువుటకు శిక్షణ పొంది, యోగ్యతాపత్రం గల పరీక్షకుడే కావలెను.

దాతలకు ఒక విన్నపం. క్రొత్త కట్టడానికి విరాళమిచ్చుట ఎంత పుణ్యమో, ఉన్నదానిని పరీక్షింపజేయుట అంతే పుణ్యం. పరీక్షకు శిలాఫలకం ఉండదు, పేరు చెక్కబడదు. అయినను ప్రాణరక్షణకంటె మించిన కైంకర్యమేమున్నది? ముఖ్యమైన దూలాల, ట్యాంకు రేకుల మందాన్ని ఇప్పుడే కొలిపించి, స్థలం గుర్తించి, ఆలయపు పుస్తకంలో వ్రాయించండి. 8 మిల్లీమీటర్ల రేకు పదేండ్లకు 7 అయినదని తెలిసినచో, ఏటికి సగటున మిల్లీమీటరులో పదవవంతు కరగుచున్నదని తేలుతుంది. మార్చవలసిన కాలాన్ని ముందే నిర్ణయించవచ్చును. తొలి కొలత లేనిదే ఈ లెక్క కుదరదు.

ప్రతిష్ఠ ఒకనాటి ఉత్సవం, పరిరక్షణ నిత్యోత్సవం. భగవత్కృపచే ఆ నిత్యోత్సవమునకు మీరందరూ తోడ్పడుదురు గాక!

స్వస్తి.