నా ఫేవరెట్ డ్రమ్మర్లు, ముంబయి కాన్సర్ట్, మా నాన్న సైడ్ డ్రమ్ము

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు, "బ్రో, నీ వెనకాల గోడ మీద ఆ పోస్టర్ ఎవరిది?" అని. ఆయన జాన్ బోనమ్. లెడ్ జెపెలిన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌కి డ్రమ్మర్. ఇవాళ ఆయన గురించి, ఇంకొందరి గురించి మాట్లాడుకుందాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే వాల్యూమ్ కొంచెం తగ్గించండి. ఎందుకో చివర్లో చెప్తా.

బీటెక్ సెకండియర్‌లో మా రూమ్మేట్ ఒక పాట పెట్టాడు. 'వెన్ ద లెవీ బ్రేక్స్', 1971లో వచ్చిన ఆల్బమ్‌లోది. మొదట్లో ఉత్త డ్రమ్స్. అంతే, నేను చదువుతున్న పుస్తకం మూసేశా. ఆ సౌండ్ అలా ఎలా వచ్చిందో తర్వాత వెతికి తెలుసుకున్నా. హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత బంగళా. దాని హాల్లో, మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, మైకులు మాత్రం పైన మెట్ల దగ్గర్నుంచి వేలాడదీశారు. మైకు దగ్గర పెడితే డ్రమ్ము ఒక్కటే వినిపిస్తుంది. దూరంగా పెడితే ఇల్లంతా మోగుతున్నట్టు వినిపిస్తుంది. మనం వినేది అదన్నమాట.

బోనమ్ 1980 సెప్టెంబర్ 25న చనిపోయాడు. వయసు 32. ఆయన లేకుండా మేం వాయించలేం అని బ్యాండే ఆపేశారు. అప్పటికి ఆయన కొడుకు జేసన్‌కి పద్నాలుగేళ్లు. 27 ఏళ్ల తర్వాత, 2007 డిసెంబర్ 10న లండన్‌లో ఓ2 అరీనాలో మిగతా ముగ్గురూ మళ్లీ ఒక కాన్సర్ట్ చేశారు. డ్రమ్స్ దగ్గర కూర్చుంది ఎవరో తెలుసా? జేసనే.

ఇంకొకటి. ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్. 2022 మార్చిలో టూర్ మధ్యలోనే చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబర్ 3న వెంబ్లీ స్టేడియంలో ఆయన కోసం పెద్ద కాన్సర్ట్ పెట్టారు. అందులో 'మై హీరో' పాటకి ఆయన కొడుకు షేన్ వాయించాడు. 16 ఏళ్ల కుర్రాడు. ఎంత బలంగా కొట్టాడంటే, చూస్తుంటే మన చేతులే నొప్పి పుడతాయి. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ గొంతు పట్టేసేది.

ఎందుకంటే మా నాన్న కూడా డ్రమ్మరే.

ఈ మాట ఇన్ని ఎపిసోడ్లలో ఎప్పుడూ చెప్పలేదు. మా నాన్న బ్యాండ్ మేళంలో సైడ్ డ్రమ్ము వాయించేవాడు. ఎర్ర కోటు, టోపీ, పెళ్లి ఊరేగింపులు. ఆ డబ్బుల్తోనే నేను బీటెక్ చదివా. కాలేజీలో ఎవరైనా "మీ నాన్న ఏం చేస్తాడు" అంటే మాత్రం "బిజినెస్" అనేవాణ్ని. థర్డ్ ఇయర్‌లో ఫ్రెండ్ వాళ్ల అక్క పెళ్లికి భీమవరం వెళ్లాం. ఊరేగింపు ఎదురొచ్చింది. ముందు వరసలో నాన్న. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించేశా. ఆయన నన్ను చూశాడు. చూడనట్టే వాయించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు 2025 మార్చికి రండి. ముంబయి, మహాలక్ష్మి రేస్‌కోర్సులో లొల్లపలూజా. గ్రీన్ డే వచ్చారు. డ్రమ్స్ మీద ట్రే కూల్. ఉద్యోగం మానేశాక నేను పెట్టిన మొదటి పెద్ద ఖర్చు ఆ టికెట్టే. వీడియోలో ఎన్ని వందల సార్లు చూసినా లైవ్‌లో వేరే. కిక్ డ్రమ్ము కాలితో కొట్టినప్పుడల్లా ఆ దెబ్బ చెవికి కాదు, గుండెకి తగులుతుంది. పక్కనోడు ఎవరో తెలీదు, భుజం మీద చెయ్యేసి గెంతుతున్నాడు. నేనూ గెంతుతున్నా. ఆ మధ్యలో సడెన్‌గా అర్థమైంది. ఈ దెబ్బ నాకు కొత్త కాదు. ఐదేళ్లప్పుడు నాన్న పక్కన నడుస్తుంటే, వెనక పెద్ద డ్రమ్ము మోగినప్పుడు ఇదే గుండెలో ఇలాగే తగిలేది.

బయటికొచ్చి రోడ్డు మీదే ఫోన్ చేశా. "నాన్నా, ఆ రోజు భీమవరంలో నిన్ను చూసి కూడా తల దించుకున్నాను" అన్నా. "ఏంట్రా? గట్టిగా చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పా. మళ్లీ వినపడలేదు. చివరికి అంత జనంలో నిలబడి, అరిచి చెప్పాల్సి వచ్చింది. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "తెలుసు లేరా. అన్నం తిన్నావా?" అన్నాడు.

ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ముప్పై ఏళ్లు చెవి పక్కనే డ్రమ్ము మోగితే ఇంతే అన్నారు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఇప్పుడు మెషిన్ పెట్టుకుంటున్నాడు.

అందుకే వాల్యూమ్ తగ్గించమన్నా. లెక్క సింపుల్. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి ఎనిమిది గంటల దాకా తట్టుకోవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ టైమ్ సగం అవుతుంది. అంటే 100 దగ్గర 15 నిమిషాలే. రాక్ కాన్సర్ట్‌లో స్పీకర్ల ముందు 100 ఈజీగా దాటుతుంది, మనం ఉండేది రెండు మూడు గంటలు. మ్యూజిక్ కోసం చేసే ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, పెట్టుకోండి. పాట పోదు, గుండెకి తగిలేది అసలే పోదు.

ఈ వారం మీ ఊళ్లో ఊరేగింపు ఎదురైతే ఒక్క నిమిషం ఆగి డ్రమ్ము వాయించేవాళ్ల చేతులు చూడండి. తెలిసినవాళ్లయితే పలకరించండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో నాన్నని కూర్చోబెడతా, ఒప్పుకున్నాడు. ఉంటా మరి, బై.